సముద్రపు ఊళ్ళో ల్యాప్‌టాప్ ఉద్యోగం: కేఫా, కోవర్కింగా, గదా?

ఫొటోలో అంతా బాగుంటుంది. తెల్లటి బల్ల, కాఫీ కప్పు, తెరిచిన ల్యాప్‌టాప్, వెనక నీలంగా సముద్రం. ఆ ఫొటో తీసినవాళ్ళు ఆ తర్వాత అక్కడే కూర్చుని ఎంతసేపు పని చేశారో మాత్రం ఎవరూ చెప్పరు. నేనైతే చెప్తాను. మొదటిసారి నేను కూర్చున్నది 40 నిమిషాలు. ఆలోపే గొడుగు నీడ పక్క బల్ల మీదికి జరిగిపోయింది. స్క్రీన్ మీద నా ముఖం తప్ప ఇంకేమీ కనపడలేదు. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద చేస్తుంటే పక్కవాళ్ళు తిరిగి చూశారు.

ఎండ బాగా కాసే తీరప్రాంతపు ఊళ్ళో కొన్ని వారాలుండి రిమోట్‌గా పని చేద్దామనుకునేవాళ్ళు ముందుగా వెతికేది మంచి కేఫ్ ఎక్కడుందా అని. నేనూ అలాగే వెతికాను. ఇప్పుడెవరైనా సలహా అడిగితే ముందు ఒక ప్రశ్న వేస్తాను: మీ పనిలో నోటి పని ఎంత, చేతి పని ఎంత? మీటింగులు, క్లయింట్ కాల్స్, టీమ్‌తో చర్చలు నోటి పని. రాయడం, కోడింగ్, డిజైన్, లెక్కలు చేతి పని. కేఫ్ అనేది చేతి పనికి పుట్టిన చోటు. నోటి పనిని అక్కడికి లాక్కెళ్తే మీకూ కష్టమే, పక్క బల్లవాళ్ళకీ కష్టమే. ఈ లెక్క తేలాకే సముద్రం కనిపించే కేఫా, వీధి లోపలి కేఫా, కోవర్కింగ్ స్పేసా (రోజుకో నెలకో అద్దెకు కుర్చీ, బల్ల ఇచ్చే ఉమ్మడి ఆఫీసు), బస చేసిన గదా అన్నది తేల్చుకోవచ్చు.

ఎదురుగా సముద్రం ఉన్న కేఫ్

ఇక్కడ అసలు శత్రువు వెలుతురు. మామూలు ఆఫీసు గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మధ్యాహ్నపు నేరుటెండలో అది దాదాపు లక్ష లక్స్. గొడుగు కింద కూర్చున్నా, చుట్టూ ఆరుబయలే కాబట్టి పదివేల పైనే ఉంటుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. చాలావాటికి 250 నుంచి 400 నిట్స్ దాకా ఉంటుంది, ఖరీదైన వాటికి 500, ఆపైన. ఆరుబయట ఇది చాలదు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే బ్యాటరీ గబగబా దిగిపోతుంది, కళ్ళు చిట్లించడం మాత్రం తప్పదు. నిగనిగలాడే గ్లాసీ స్క్రీనైతే అద్దంలా పనికొస్తుంది. మ్యాట్ స్క్రీన్ కొంత నయం.

ఇంకో చిన్న చిక్కు చెప్తాను, తెలియక నేను ఒక పూటంతా స్క్రీన్ పాడైందనుకున్నాను. పోలరైజ్డ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కొన్ని స్క్రీన్లను ఒక కోణంలో చూస్తే నల్లగా, మాసినట్టు కనిపిస్తాయి. తల కొద్దిగా పక్కకు వంచి చూడండి, వెలుగు మారితే తప్పు కళ్ళద్దాలదే.

వేడి సంగతీ ఉంది. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల సెల్సియస్ దాటని చోట వాడమంటాయి. గాలి 30 డిగ్రీలే ఉన్నా, ఎండలో పెట్టిన నల్లటి ల్యాప్‌టాప్ ఒళ్ళు అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వీడియో కాల్ తడబడితే మనం వైఫైని తిడతాం, అసలు కారణం ఎండ కావచ్చు. లిథియం అయాన్ బ్యాటరీకి కూడా పూర్తి చార్జింగ్, ఎక్కువ వేడి కలిసి వస్తే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి టెర్రస్ మీద కూర్చుని వందశాతం చార్జింగ్‌లో ప్లగ్ పెట్టి ఉంచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

ఇక గాలి. పగలు నేల నీటికంటే తొందరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. అందుకే పొద్దున నిశ్చలంగా ఉన్న తీరంలో పదీ పదకొండు దాటాక గాలి మొదలై, మధ్యాహ్నం తర్వాత బలపడుతుంది. ఇది చదువుకున్న పాఠమే, కానీ పనికొచ్చేది ఇక్కడ: టెర్రస్ మీద తప్పనిసరిగా కాల్ మాట్లాడాల్సి వస్తే పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటి మీటింగులో మీ మాటకంటే మైకులో గాలి హోరే గట్టిగా వినిపిస్తుంది. ఆ గాలితో వచ్చే ఉప్పు తేమ పోర్టుల్లో, కీల సందుల్లో చేరుతుంది. సాయంత్రం ల్యాప్‌టాప్‌ను మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, బ్యాగులో పెట్టే ముందు కాసేపు ఆరనివ్వడం అలవాటు చేసుకోండి.

మరి సముద్రం ఎదురుగా పని చేయకూడదా? చేయొచ్చు, వేళ చూసుకుని. సముద్రం తూర్పున ఉన్న ఊళ్ళో పొద్దున సూర్యుడు నేరుగా కళ్ళలోకి కొడతాడు, మధ్యాహ్నం దాటాక భవనం నీడ మీ మీదికి వస్తుంది. సముద్రం పడమర ఉంటే దీనికి తలకిందులు: పొద్దున హాయి, సాయంత్రం బల్ల మీదంతా ఎండ. మ్యాపులో తీరం ఏ దిక్కున ఉందో చూస్తే ఏ పూట ఎక్కడ కూర్చోవాలో ఊరికి వెళ్ళకముందే తెలిసిపోతుంది. చర్మం సంగతి కూడా మరవొద్దు. గొడుగు కింద ఉన్నంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు పూర్తిగా ఆగవు. పొడి ఇసుక దాదాపు 15 శాతం, సముద్రపు నురుగు 25 శాతం దాకా వాటిని వెనక్కి కొడతాయి. రెండు గంటలు కదలకుండా కూర్చునే పనికి సన్‌స్క్రీన్ అవసరమే.

నా తీర్పు: ఈ కేఫ్ రోజుకు గంటన్నర, అదీ చదవడానికో, నోట్‌బుక్‌లో ప్లాన్ రాసుకోవడానికో. పని దినమంతా ఇక్కడే గడపాలని ఊరు ఎంచుకోకండి.

వీధి లోపలి కేఫ్

తీరానికి రెండు మూడు వీధులు లోపలికి వస్తే ఫొటోకి నోచుకోని కేఫులు ఉంటాయి. మందపాటి గోడలు, కొంచెం చీకటి, ఫ్యానో ఏసీయో. పని జరిగేది ఇక్కడ. కిటికీ ఉంటే అది మీ పక్కన ఉండేలా కూర్చోండి. ఎదురుగా ఉంటే కళ్ళకు కొడుతుంది, వెనక ఉంటే స్క్రీన్ మీద ప్రతిబింబం పడుతుంది. కెమెరా ఆన్ చేస్తే మీ ముఖం నల్లటి నీడగా కనిపిస్తుంది.

కేఫ్ ల్యాప్‌టాప్‌కు అనుకూలమో కాదో తెలుసుకోవడానికి రివ్యూలకంటే లోపల అడుగుపెట్టగానే కనపడే ఆనవాళ్ళే నమ్మదగినవి. గోడ వెంట ప్లగ్ పాయింట్లు ఉన్నాయా, కుర్చీకి వీపు ఆనే చోటు ఉందా, ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నారా. మోకాళ్ళ ఎత్తు సోఫా బల్ల దగ్గర గంట దాటితే మెడ పట్టేస్తుంది. మామూలు భోజనాల బల్ల ఎత్తు, సుమారు 75 సెంటీమీటర్లు, టైపింగ్‌కు పరవాలేదు. బార్ స్టూల్ మాత్రం నడుముకు శిక్ష.

శబ్దం గురించి చాలామంది భయపడతారు గానీ అన్ని శబ్దాలూ చెడ్డవి కావు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో 70 డెసిబెల్స్ దగ్గరి శబ్దం, 50 డెసిబెల్స్ నిశ్శబ్దంకంటే, కొత్త ఆలోచనలు అవసరమైన పనులకు మేలు చేసిందని తేలింది. 85కి చేరితే ఆ లాభం పోయింది. మాటల గుసగుస, కప్పుల చప్పుడు ఆ 70 దగ్గరే ఉంటాయి. అకౌంట్ల లెక్క సరిచూసే పనికి నాకైతే ఆ గుసగుస కూడా ఎక్కువే. కొత్తగా ఏదైనా రాయడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

వైఫై గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరపాటు పడేది. స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. వీడియో కాల్‌కు కావలసిన స్పీడు నిజానికి తక్కువే, హెచ్‌డీ కాల్‌కు రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ చాలు. చూడాల్సినవి అప్‌లోడ్, ఆలస్యం, ఆ ఆలస్యంలో ఒడిదుడుకులు. మాట ఒక వైపు నుంచి మరో వైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఆగిపోవడం, "మీరు చెప్పండి, లేదు మీరే చెప్పండి" మొదలవుతాయి. పొద్దున ఎనిమిదికి ఖాళీ కేఫ్‌లో చేసిన టెస్టుకు విలువ లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు బల్లలన్నీ నిండినప్పుడు చేసి చూడండి.

ఒకే రౌటర్ రెండు పేర్లతో కనిపిస్తే వాటిలో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్ కావచ్చు. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల దుకాణాలన్నీ ఆ మూడింట్లోనే ఇరుక్కుని ఉంటాయి. రెండోది గోడలకు త్వరగా లొంగిపోతుంది, దగ్గర కూర్చుంటే మాత్రం వేగంగా ఉంటుంది. కాబట్టి మంచి దృశ్యం ఉన్న మూల కాకుండా రౌటర్ కనిపించే మూల వెతుక్కోండి.

ఒకసారి ఒక కేఫ్‌లో నేను స్క్రీన్ షేర్ చేసి లెక్కలు చూపిస్తుండగా కనెక్షన్ పోయింది. వైఫై పాడవలేదు, బిల్లుతో ఇచ్చిన రెండు గంటల వైఫై కోడ్ గడువు అయిపోయింది. కొత్త కోడ్ కావాలంటే కొత్త బిల్లు కావాలి. బిల్లు కోసం లైన్లో నా ముందు ఆరుగురు ఉన్నారు. అప్పటినుంచి ఫోన్ హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్‌లో ముందే సేవ్ చేసుకుని ఉంచుతున్నాను, ఒక్క క్లిక్‌తో మారిపోవచ్చు. హాట్‌స్పాట్ మీద వీడియో కాల్ గంటకు సుమారు 1 నుంచి 1.5 జీబీ తినేస్తుంది. కెమెరా ఆపేసి మాట మాత్రమే అయితే అందులో చిన్న భాగం. సెలవు రోజుల్లో బీచ్‌కు జనం పోటెత్తితే మొబైల్ టవర్ కూడా ఉక్కిరిబిక్కిరి అవుతుంది, కాబట్టి ముఖ్యమైన మీటింగ్ శనివారం హాట్‌స్పాట్ మీద పెట్టుకోవద్దు.

భద్రత విషయంలో భయాలు ఎక్కువ, జాగ్రత్తలు తక్కువ. ఇప్పుడు చాలా సైట్లు ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని గుప్త రూపంలోనే, నడుస్తాయి కాబట్టి వైఫై మీద మీ పాస్‌వర్డ్ ఎగిరిపోతుందన్న భయం ఒకప్పటంత అక్కర్లేదు. కంపెనీ వీపీఎన్ (మీ ఇంటర్నెట్ రాకపోకలను గుప్తంగా పంపే ఏర్పాటు) ఇస్తే వాడండి, నెట్‌వర్క్ పేరును సిబ్బందిని అడిగి సరిచూసుకోండి, అంతే. అసలు ప్రమాదాలు పాతకాలపువే: వెనక కూర్చున్నవాళ్ళు మీ స్క్రీన్ చదవడం, మీరు బాత్రూమ్‌కు వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ మాయమవడం. పక్కవాళ్ళను "కొంచెం చూస్తుంటారా" అని అడగడం మర్యాదే, కానీ వాళ్ళు కాపలాదారులు కారు. ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని వెళ్ళండి, ఎవరేమనుకున్నా.

మొహమాటం లెక్క

కేఫ్ ఉచితం కాదు. అద్దె బిల్లులో రాయరు, మొహమాటంలో కట్టాలి. ఒక కప్పు కాఫీతో నాలుగు గంటలు కూర్చుంటే ఎవరూ ఏమీ అనకపోవచ్చు, కానీ మూడో గంటలో సిబ్బంది బల్ల తుడవడానికి రెండోసారి వచ్చినప్పుడు మీకే తెలిసిపోతుంది. నేను పాటించేది ఇది: గంటన్నరకో ఆర్డర్, ఒక్కడినే వెళ్తే ఇద్దరి బల్ల, భోజనాల వేళ లేచిపోవడం. వారానికి ఐదు రోజులు ఇలా లెక్కేస్తే అయ్యే ఖర్చును అదే ఊళ్ళోని కోవర్కింగ్ పాస్‌తో పోల్చి చూడండి. చాలామందికి తేడా అనుకున్నంత ఉండదు.

ఇంకో లెక్క కాఫీదే. ప్రతి గంటన్నరకూ కాఫీయే చెబితే రాత్రి నిద్ర పట్టదు. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం తర్వాత ఆర్డర్ మార్చండి.

కోవర్కింగ్ స్పేస్

దీని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దీని గొప్పతనం. కుర్చీ కుర్చీలా ఉంటుంది. ఇంటర్నెట్ ఉంటుంది, సాధారణంగా రెండో లైను కూడా ఉంటుంది. కాల్స్‌కు చిన్న బూత్ ఉంటుంది. ఎవరూ బల్ల తుడవరు. పెద్ద మానిటర్ అద్దెకు దొరికితే డిజైన్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఇది తప్ప వేరే దారి లేదు. ఎండ వెలుతురులో స్క్రీన్ రంగులు మన కంటికి వేరేగా కనిపిస్తాయి, కేఫ్‌లో సరిచేసిన ఫొటోను రాత్రి గదిలో చూస్తే ఆశ్చర్యపోతారు.

లోపాలు రెండు. ఒకటి, సముద్రపు ఊరికి వచ్చి మళ్ళీ ఆఫీసులోనే కూర్చున్నట్టుంటుంది. రెండు, బూత్‌లు తక్కువ, కాల్స్ ఎక్కువ. పది మందికి ఒక బూత్ ఉన్నచోట మధ్యాహ్నం అది ఖాళీగా దొరకడం లాటరీయే. చేరే ముందు అడగాల్సింది కుర్చీల సంఖ్య కాదు, బూత్‌ల సంఖ్య, రాత్రి ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటారనేది.

బస చేసే గది

అందరూ చివర ఆలోచించేది ఇదే, నేను మొదట ఎంచుకోమనేది కూడా ఇదే. గది బాగుంటే కేఫ్ బాగా లేకపోయినా ఉద్యోగం నిలబడుతుంది. గది బాగా లేకపోతే ఎంత మంచి కేఫ్ అయినా రాత్రి తొమ్మిదింటి మీటింగ్‌కు పనికిరాదు. మీ టీమ్ వేరే టైమ్ జోన్‌లో ఉంటే ఇది ఇంకా ముఖ్యం. మీకు మీటింగులు మొదలయ్యే వేళకు కేఫ్ వాళ్ళు కుర్చీలు ఎత్తి బల్లల మీద పెడుతుంటారు.

బుక్ చేసే ముందు గది అద్దెకిచ్చేవాళ్ళను మూడు అడగండి. గదిలో చేసిన స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమనండి, హాల్లో చేసింది కాదు. బల్ల, కుర్చీ ఫొటో పంపమనండి, "టేబుల్ ఉంది" అన్న మాట నమ్మితే డ్రెస్సింగ్ టేబుల్ ముందు స్టూల్ మీద కూర్చోవాల్సి రావచ్చు. కరెంటు పోతే వైఫై కూడా పోతుందా అని అడగండి. పవర్‌బ్యాంక్ ఒకటి ఉంటే మంచిది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, వృథా పోను చిన్న ల్యాప్‌టాప్‌ను దాదాపు ఒకసారి నింపుతుంది, విమానంలో సాధారణంగా అనుమతి అడగకుండా తీసుకెళ్ళగల 100 వాట్ అవర్ల పరిమితిలోనే ఉంటుంది. కాకపోతే చెకిన్ లగేజీలో కాదు, చేతి సంచిలోనే. కొనేటప్పుడు అది యూఎస్‌బీ-సీ ద్వారా 45 లేదా 65 వాట్లు ఇస్తుందో లేదో చూడండి, ఫోన్లకు చేసినవి ల్యాప్‌టాప్‌కు చాలవు.

గదికి ఉన్న ఒకే రోగం ఒంటరితనం. రెండో వారానికల్లా గోడలతో మాట్లాడటం మొదలుపెడతారు. కేఫ్ దానికి మందు.

ఎవరికి ఏది

రోజుకు గంటకు మించి కాల్స్ లేని రచయితలు, అనువాదకులు, ప్రోగ్రామర్లు మంచి గది తీసుకుని, పొద్దున రెండు మూడు గంటలు వీధి లోపలి కేఫ్‌లో గడపండి. కాల్ వేళకు గదికి నడిచి వచ్చేయగలిగేంత దూరంలో కేఫ్ ఉండాలి, పది నిమిషాలు మించితే ఆ ఏర్పాటు నిలవదు.

రోజుకు మూడు గంటలు దాటి మాట్లాడేవాళ్ళు, అంటే మేనేజర్లు, సేల్స్, పాఠాలు చెప్పేవాళ్ళు కేఫ్ ఆశ వదులుకోండి. బూత్ ఉన్న కోవర్కింగ్ లేదా నిశ్శబ్దమైన గది, ఈ రెంటిలోనే ఎంపిక. రోగుల వివరాలు, కోర్టు కాగితాలు, జీతాల పట్టికలు చూసేవాళ్ళకైతే గది ఒక్కటే.

ఇద్దరూ రిమోట్‌గా పని చేసే జంటలకు ఒక హెచ్చరిక: ఒకే గదిలో రెండు కాల్స్ ఒకేసారి నడవవు. రెండు తలుపులున్న ఇల్లు తీసుకోండి, లేదా ఒకరికి కోవర్కింగ్ పాస్. ఈ విషయం మీద ఊరు మారినవాళ్ళు నాకు తెలుసు.

వారం లోపు వెళ్ళేవాళ్ళు పాస్‌ల జోలికి పోకండి, గది, కేఫ్ చాలు. వేరే దేశానికి వెళ్తుంటే టూరిస్టు వీసా మీద రిమోట్ పని కుదురుతుందో లేదో, మీ కంపెనీ ల్యాప్‌టాప్‌ను దేశం దాటించనిస్తుందో లేదో టికెట్ కొనక ముందే తేల్చుకోండి. ఈ నియమాలు దేశానికొకలా ఉంటాయి.

నెల, అంతకుమించి ఉండేవాళ్ళు మొదటి రోజే నెల పాస్ కొనకండి. ఒక రోజు పాస్ తీసుకుని, వారంలో రద్దీ ఎక్కువగా ఉండే రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. వెళ్ళగానే ఒక బూత్ ఖాళీగా దొరికి, అందులో అరగంట కాల్ తెగకుండా నడిస్తే నెల పాస్ తీసుకోండి. దొరక్కపోతే ఆ డబ్బు మరో రెండు వీధులు లోపల ఉన్న, ఇంకాస్త మంచి బల్ల ఉన్న గదికి పెట్టండి.